ఎడమ చేతికి కట్టిన కంప్యూటర్

పోయిన వారం ప్రింటరుకి ఇంకు కొందామని విశాఖ ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళాను. నాకంటే ముందు ఇద్దరు యువకులు గేములాడే కంప్యూటర్‌కి విడిభాగాలు ఎంచుకుంటున్నారు. వాళ్ళకి రంగురంగుల లైట్లు కావాలి, అద్దాల పెట్టె కావాలి. కొట్టు యజమాని అన్నిటికీ తల ఊపుతూనే, లోపలికి కరెంటు పంచే పవర్ సప్లై అనే ఇనప డబ్బాని అట్టపెట్టెలోంచి తీశాడు. అరచేతిలో పెట్టుకుని కొబ్బరికాయ బరువు చూసినట్టు పైకీ కిందకీ ఊపాడు. తర్వాత దాని ఫ్యాను జాలీకి ముక్కు ఆనించి వాసన చూశాడు.

"ఏటండీ, వాసన సూత్తన్నారు? కూరేటి?" అన్నాడొక యువకుడు.

"కాలిన వాసనొత్తే పాతదాన్ని బాగుసేసి అంటగట్టినట్టు. తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేనట్టు. మా పెద్దాయనొకాయన నేర్పీసి ఎల్లిపోనాడు" అన్నాడు యజమాని.

నాకు ఇంకు సంగతి మరుపొచ్చింది. ఆ ఊపడం, ఆ ముక్కు ఆనించడం ఎవరివో నాకు తెలుసు. ఆయన ప్రభువునందు నిద్రించి ఏడాది కావస్తోంది. ఆయన చేతి తీరు మాత్రం ద్వారకానగర్‌లో ఒక కొట్టులో అలాగే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా చర్చి సంఘంలో కొత్త మైకులు కొన్నప్పుడు చందా ఇచ్చినవాళ్ళ పేర్లు గోడమీద రాయిద్దామంటే, "పేర్లు రాస్తే మైకు బాగా పలుకుద్దేటి?" అని రంగు డబ్బా దాచేసిన మనిషి. ఆయన ఇష్టం ప్రకారమే కానిస్తాను.

పగలు ఆయన పని ఫిషింగ్ హార్బర్‌లో. బోట్లలో ఉండే వైర్‌లెస్ సెట్లు, నీళ్ళ కింద చేపల గుంపుని చూపించే యంత్రాలు బాగుచేసేవాడు. ఆదివారం సంఘంలో సౌండు పెట్టె దగ్గర కూర్చునేవాడు. మధ్యలో ఎవరైనా అడిగితే కంప్యూటర్లు కట్టి ఇచ్చేవాడు. ముఖ్యంగా గేములాడే కంప్యూటర్లు. వాటిల్లోనే అసలు పనితనం తెలుస్తుందనేవాడు. "ఉత్తరాలు టైపు సేసే కంప్యూటర్ ఎవుడైనా కడతాడు సెల్లెమ్మా. గేమంటే పొలంలోకి ఎద్దుని దింపినట్టు, దాని వొంట్లో ఎంత బలముందో అప్పుడు తెలుత్తాది."

నన్ను చెల్లెమ్మా అనేవాడు, మా నాన్నని బావా అనేవాడు. ఈ వరస ఎలా కుదిరిందని మాతోనే ఉండే మా పెద్దమ్మ నిలదీసింది ఒకసారి. "వరసలు పెళ్ళికార్డులో సూసుకోవాల పెద్దమ్మా" అని నవ్వాడు. మా అయ్యగారిని, అంటే మా పాస్టరు గారిని కూడా, ఏమరుపాటున రెండుసార్లు బావా అని నాలిక కరుచుకున్నాడు.

ఆయన దగ్గర చేపల వాసన వచ్చేది. ఎంత సబ్బు రుద్దినా పోదు. సిటీ బస్సులో పక్కవాళ్ళు జరిగి కూర్చుంటే, ఆ ఖాళీలో కాళ్ళు చాపుకుని సుఖంగా వచ్చేవాడు. కంప్యూటర్ సామాను కొన్న రోజున మాత్రం ఏ పెట్టెనీ బస్సు నేలమీద పెట్టేవాడు కాదు. అన్నీ ఒళ్ళోనే. అట్టపెట్టెల వెనక ముఖం కనబడేది కాదు, టిక్కెట్టు పట్టుకున్న చెయ్యి మాత్రం పక్కనుంచి బయటికి వచ్చేది.

సామాను ముట్టుకునే ముందు కిటికీ ఊచ పట్టుకునేవాడు. ఒంట్లో పోగైన కరెంటు ఇనుములోకి పోతుందని, లేకపోతే వేలి చివరనుంచి చిన్న నిప్పురవ్వ దూకి లోపలి ముక్కల్ని చంపేస్తుందని చెప్పేవాడు. అది తెలియని మా పెద్దమ్మ అదేదో ప్రార్థన పద్ధతి అనుకుని, ఆయన వచ్చినప్పుడల్లా తను కూడా వెళ్ళి ఊచ పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆయన కాదనలేదు. కాస్త పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చేవాడు.

ప్రార్థనలో ఆయన కళ్ళు మూసుకోడు. దీనిమీద సంఘంలో గుసగుసలుండేవి. నేను ఆదివారపు బడిలో పిల్లలకి కళ్ళు మూసుకోమని నేర్పేదాన్ని కనుక ఒకసారి అడిగాను. "మూసుకుంటే మైకు కూసినప్పుడు ఏ మీట తిప్పాలో కనపడదు కదమ్మా. దేవుడేటీ అనుకోడులే, ఆయన కూడా తెరిసే ఉంచుతాడు" అన్నాడు.

ఆయన ఆడే గేము లారీ నడిపేది. చూడాలి ఆ ఆట. ఊరూ పేరూ తెలియని రోడ్లమీద, వెనక పోలీసులు లేకపోయినా, ఎర్రలైటు పడితే ఆగేవాడు. పక్కనున్నవాళ్ళు "పోనియ్ బావా, గేమే కదా" అంటే, "లైటు పడింది కదేటి" అనేవాడు.

ఎవరైనా కంప్యూటర్ కట్టిపెట్టమని వస్తే ఆయన మొదటి ప్రశ్న ఏ గేము అని కాదు. "మీ ఇల్లు ఏ వైపు? కిటికీ ఎటు తీత్తారు?" అని. విశాఖలో సముద్రం వైపు ఉంటే ఉప్పుగాలి రాగిని తినేస్తుంది. పోర్టు వైపు ఉంటే బొగ్గుపొడి వస్తుంది. గాజువాక అవతలైతే స్టీల్ ప్లాంటుది మరో రంగు దుమ్ము. అందుకని ముందు కేబినెట్టు, అంటే అన్నీ అమర్చే ఇనప పెట్టె, దాని జాలీలు, దాని ఫ్యాన్లు. తర్వాత పవర్ సప్లై. ఆ తర్వాత మిగతావి. అందరూ ముందు అడిగే గ్రాఫిక్స్ కార్డు, అదే తెరమీద బొమ్మ గీసే కార్డు, ఆయన వరసలో ఆఖరిది. 'బెస్టు' అనే మాట ఆయన నోట నేను వినలేదు. "సరిపోద్ది" అనేవాడు. ఆయన సరిపోద్ది అన్నాడంటే ఇక ఆ వస్తువు గురించి మాట్లాడ్డానికి ఏమీ మిగలదు.

మా ఇంటికి ఆయన కట్టిన కంప్యూటర్‌కి మాత్రం ఈ వరస తిరగబడింది. ఈ నాలుగు ముక్కలూ రాయాలని కూర్చున్నది దాని గురించే.

మా నాన్న పోర్టులో టగ్గు నడిపే సరంగు. పెద్ద ఓడలు వాటంతట అవి రేవులోకి రాలేవు, వాటిని ముక్కుతో నెట్టుకుంటూ తెచ్చే చిన్న బలమైన పడవలే టగ్గులు. ఇంజన్ గదిలో నూనె తుడిచే పనిలో చేరి, సరంగు దాకా ఎదిగిన మనిషి. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ విప్పుతూ పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది. కాలు కొంత తేరుకుంది, కర్ర పట్టుకుని నడిచేవాడు. మాట కాస్త ముద్దగా వచ్చేది. ఎడమ చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుపోయింది. మూయడం వచ్చు, తెరవడం రాదు.

వ్యాయామం చేయించే అమ్మాయి ఇంటికొచ్చి రబ్బరు బంతి ఇచ్చింది. పట్టుకోవడం కాదండీ, పట్టుకున్నది వదలడం ముఖ్యం అని చెప్పింది. కొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే కండ బిగిసిపోయి ఇక వేళ్ళు తెరుచుకోవని నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి చెప్పింది. నాన్న ఆ బంతిని మంచం కిందకి దొర్లించేశాడు. అమ్మ అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది, నాన్న ఎవరి మాటైనా విన్నాడంటే అది ఆవిడ మాటే. ముద్దమాట ఎవరూ వినకూడదని మాట్లాడ్డం మానేశాడు. చర్చికి రావడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

సంఘంవాళ్ళు పరామర్శకి వచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్ళూ, సమాజమందిరంలో ప్రభువు ఊచచెయ్యి గలవాణ్ణి, అంటే చెయ్యి ఎండిపోయినవాణ్ణి, బాగుచేసిన సంగతే చెప్పేవారు. ఆ సంగతి నాకు ప్రాణం. పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. కానీ అది మొదలవగానే నాన్న దుప్పటి ముఖం మీదకి లాక్కునేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ గుంపులో సౌండు పెట్టె దగ్గర కూర్చునే ఆయన కూడా వచ్చాడు. అందరూ ప్రార్థించి టీ తాగుతుంటే ఆయన గోడమీద ఉన్న టగ్గు ఫోటో దగ్గర నిలబడ్డాడు.

"బావా, ఇందులో లివరు ఏ సేత్తో తోసీవోడివి?"

ఎవరూ నాన్నని అలాంటి ప్రశ్న అడగలేదు. ఎలా ఉంది, మందులేసుకున్నావా, ఇవే. నాన్న గోడవైపునుంచి ఇటు తిరిగాడు. కుడిచేత్తో తన ఎడమ మణికట్టు పట్టుకుని పైకెత్తి చూపించాడు. కుడిచెయ్యి చుక్కాని మీద, ఎడమచెయ్యి ఇంజను వేగం పెంచే లివరు మీద.

ఆయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక మైకు తీగలు చుట్టుకుంటూ నన్ను పిలిచాడు. "సెల్లెమ్మా, బావకొక కంప్యూటర్ కడదాం. ఓడలు నడిపే గేమొకటుంది. టగ్గులుంటాయి, రేవులుంటాయి. ఎడంసేతికి లివరు పెడతాం."

నాకు ముందు భయం వేసింది. మా ఇంట్లో గేములా? పిల్లల్ని ఆ తెరల ముందునుంచి లాక్కురమ్మని తల్లులకి చెప్పే దాన్ని నేను. అయ్యగారి దగ్గరికి వెళ్ళాం. అయ్యగారు గడ్డం నిమురుకుని, "అందులో కాల్పులుంటాయా?" అనడిగారు.

"లేవండి. అలలుంటాయి."

"మునిగిపోవడాలు?"

"సరంగు సరైనోడు కాకపోతే ఉంటాయండి."

అయ్యగారు నవ్వారు. "అయితే ప్రార్థన చేసుకుని కొనుక్కో అమ్మా" అన్నారు.

నాన్నని ఆటోలో ద్వారకానగర్ తీసుకెళ్ళడం పెద్ద యుద్ధం. ఆయనే వచ్చి, "నాను ఓడ మనిషిని కాను బావా. నువ్వు రాకపోతే ఏదో ఒకటి కొనీసి తెచ్చీత్తాను, తర్వాత నన్ననకు" అని ఆటో తలుపు దగ్గర నిలబడితే, నాన్న గొణుక్కుంటూ ఎక్కాడు.

ఆయన ఎప్పుడూ కొనే కొట్టులో యజమాని అలవాటు ప్రకారం కేబినెట్లు దించబోయాడు. "ముందు లివర్లు సూపించు" అన్నాడాయన.

"అదేటి పెద్దాయనా? ఎప్పుడూ పెట్టెతోటి మొదలెడతారు కదా."

"ఈరోజు సేతితో మొదలు."

మూడు రకాలు తెచ్చాడు. ఆయన తన ఎడమచేతిని గట్టిగా పిడికిలి బిగించి, ఆ పిడికిలితోనే ఒక్కొక్క లివరునీ తోసి చూశాడు. వేళ్ళు వాడలేదు. మొదటిది పూచికపుల్లలా కదిలింది. నాకు అదే నచ్చింది.

"ఇదే తీసుకుందాం అన్నయ్యా, నాన్నకి సులువుగా ఉంటుంది."

"ఇదైతే ఆట దానంతటదే ఆడీసుకుంటాది. సేతికి పనుండదు" అని దాన్ని పక్కన పెట్టాడు. మూడోది బరువుగా ఉంది. తలకాయ గుండ్రంగా, పెద్ద నిమ్మకాయంత ఉంది. తోయడానికి పిడికిలి చాలు. కానీ దాన్ని వెనక్కి లాగాలంటే వేళ్ళు తెరిచి చుట్టూ వెయ్యాలి. వదలాలంటే మళ్ళీ తెరవాలి. ఆయన దాన్ని నాన్న ముందు పెట్టాడు. నాన్న చేతిని పట్టుకోలేదు, చూపించలేదు. పెట్టి ఊరుకున్నాడు.

నాన్న దాన్ని చూసి, "గ..గట్టిది" అన్నాడు. బయటివాళ్ళ ముందు మాట్లాడటం అదే మొదలు.

"మీ టగ్గుదో?"

"ఇంకా గట్టిది."

"అయితే సరిపోద్ది."

ఆ లివరు చుట్టూ మిగతా కంప్యూటర్ అంతా ఎంచాడు. టగ్గు సరంగు తల తిప్పకుండా రెండు పక్కలా చూడాలి కనుక వెడల్పాటి తెర. సముద్రం ఆగి ఆగి కదిలితే సరంగుకి కడుపులో తిప్పుతుంది కనుక అలలు తేలిగ్గా గీసే గ్రాఫిక్స్ కార్డు. దానికి చాలినంత కరెంటు ఇచ్చే పవర్ సప్లై, బరువు చూసి, వాసన చూసి. మాది వన్‌టౌన్, పోర్టు గోడకి ఎదురు. అందుకని సన్నటి జాలీలున్న కేబినెట్టు. యజమాని అద్దాలదీ లైట్లదీ ఒకటి చూపించి, "ఇది పెట్టండి సార్, ఇంటికి కళ" అన్నాడు.

"లైట్లొద్దు. రేత్రి ఓడ నడిపే గదిలో దీపముంటే బయటేటి కనపడుద్ది? ఏం బావా?"

నాన్న గట్టిగా తలూపాడు. ఆ తలూపులో అధికారం ఉంది. ఎన్నాళ్ళ తర్వాత చూశానో.

సామాను ఇంటికొచ్చిన రోజున హాల్లో తెల్ల దుప్పటి పరిచి, ఊచ పట్టుకుని, ఆయన కట్టడం మొదలెట్టాడు. పెద్దమ్మ కూడా ఊచ పట్టుకుంది. నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. చెయ్యి మాత్రం ఒళ్ళో, పిడికిలి బిగించి. ఆయన ఒక్కొక్క ముక్కా పైకెత్తి నాన్నకి చూపించి బిగించాడు. సాయంత్రానికి పెట్టె నిలబడింది, పైన జాలీ మూత ఒక్కటీ మెరుస్తోంది.

స్విచ్చి వెయ్యకముందు ప్రతిష్ఠ ప్రార్థన. మాలో కొత్త ఇల్లయినా, స్కూటరయినా, కుట్టుమిషనయినా ప్రార్థన లేకుండా వాడరు. అయ్యగారు వచ్చారు. అందరం కళ్ళు మూసుకున్నాం. అయ్యగారు నాన్న చేతికోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నారు. మధ్యలో నాకు ఏదో చిన్న చప్పుడు వినిపించింది, సీసా మూత తీసినట్టు. పట్టించుకోలేదు.

పెద్దమ్మ దగ్గర పరిశుద్ధ దేశానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇచ్చిన ఒలీవ నూనె సీసా ఉండేది. జ్వరమొచ్చినవాళ్ళ నుదుటికి ఒక చుక్క రాసేది. ఆ రోజు కంప్యూటర్ ఎంత పెద్దదో చూసి, చుక్క చాలదనుకుంది కాబోలు. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు పైనున్న జాలీలోంచి ధారగా అభిషేకించేసింది.

కళ్ళు తెరిచి ఉన్నది ఆయన ఒక్కడే. ప్రార్థనకి అడ్డు చెప్పలేదు. అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేసి, మళ్ళీ వచ్చి తన చోట నిలబడ్డాడు. అయ్యగారు ముగించారు.

"ఆమెన్" అన్నాడాయన. "ఇప్పుడెవులూ ఏటీ ముట్టుకోవద్దు."

పెద్దమ్మ సీసా పట్టుకుని, "ఏటి నాయినా, నూనె సాల్లేదేటి?" అంది.

జాలీ మూత ఎత్తి చూశాం. గ్రాఫిక్స్ కార్డు మీద, ఫ్యాను రెక్కల మీద, కింద మదర్‌బోర్డు అనే పెద్ద పలక మీద నూనె మెరుస్తోంది. నాన్న ముఖంలోకి ఆ పాత చూపు తిరిగి వచ్చేస్తోంది. ఎలాగూ నా విషయంలో ఏదీ జరగదు అన్న చూపు. నాన్న కర్ర అందుకుని లేవబోయాడు, మంచం వైపు. ఆ లేవడం గనక పూర్తయితే మళ్ళీ ఆ కుర్చీలోకి రాడని నాకు అర్థమైంది. ప్రభువా అన్నాను లోపల.

పెద్దమ్మ ఏడుపు మొదలెట్టింది. ఆయన ఆవిడ కొంగు పట్టి చాపించి, "పెద్దమ్మా, ఏడిత్తే స్క్రూలు తడిసిపోతాయి, ఇవి జాగర్త" అని విప్పిన స్క్రూలు అందులో పోశాడు. అయ్యగారు వంగి నోటితో ఊదబోతే, "అయ్యగారూ, ఉమ్ము పడుద్ది" అని ఆపాడు.

"నూనెకి కరెంటెక్కదు, కొంప కాలిపోదు" అన్నాడు, అందరికీ వినబడేట్టు. "గానీ మన ఊరి దుమ్ము నూనెకంటిందంటే తారైపోద్ది. చుక్క మిగలకుండా తుడవాల." ఒక గుడ్డ తీసుకుని కార్డు తుడవడం మొదలెట్టాడు. ఎందుకో ఆరోజు ఆయన తుడుపు ఆయన పనిలా లేదు. గుడ్డ ఇటూ అటూ ఆడిస్తున్నాడు, నూనె పులుముకుపోతోంది.

సగం లేచిన నాన్న ఆగాడు. చూశాడు. ఇంకాసేపు చూశాడు.

"అలాక్కాదు" అన్నాడు.

"ఎలాగయితే ఏటి బావా, తుడుత్తన్నాను కదా."

"అది తుడవడం కాదు, పూయడం. పాత బనీను తే. కాటన్ది." నాన్న మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "నూనె తుడవడం నాకు సెప్తావేట్రా? ఇంజన్ గదిలో పుట్టాను నాను."

పాత బనీను చింపి ఇచ్చాను. ఆయన గ్రాఫిక్స్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నాన్నకి ఎడమవైపు. అటు తిరిగి ఏదో స్క్రూ వెతుక్కుంటున్నట్టు కూర్చున్నాడు. నాన్న కుడిచేతిలో గుడ్డ ఉంది. కార్డు పట్టుకోవాలంటే ఎడమచెయ్యే. నేను ముందుకి కదిలాను, పట్టుకుందామని.

"సెల్లెమ్మా, టీ పెట్టవా" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

వంటింటి గుమ్మంలోంచి చూశాను. నాన్న తన పిడికిలి వైపు చూస్తున్నాడు, మాట వినని కొడుకుని చూసినట్టు. పిడికిలి బల్లమీదకి వచ్చి ఆగింది. బొటనవేలు కదిలింది ముందు. తర్వాత చూపుడు వేలు. అట్టముక్క పట్టేంత సందు. ఆ సందులోకి కార్డు అంచు దూర్చి నాన్న మళ్ళీ మూశాడు. బనీను ముక్కని వేలికి చుట్టి, అంచులవెంట, రెక్కల మధ్య, ఒక్క విసురుకి ఒక్క గీత చొప్పున నూనె లాగేశాడు. పూర్తయ్యాక వదలాలి. వదిలాడు. ఆయన చూడకుండానే చెయ్యి చాపి ఆ ముక్క తీసుకుని, ఇంకోటి అదే చోట పెట్టాడు.

టీ పొంగిపోయింది. అప్పుడు నాకు తట్టింది. సమాజమందిరంలో ప్రభువు ఆ మనిషి చేతిని ముట్టుకోలేదు. చాపమన్నాడు, అంతే. చాపవలసింది ఆ మనిషే. అన్ని సంవత్సరాలు ఆ సంగతి పిల్లలకి చెప్పానే గాని, ఆ మనిషికి ఆ క్షణంలో ఎంత కష్టమై ఉంటుందో ఆలోచించలేదు.

ఆయన కావాలనే తుడవడం రానట్టు చేశాడా అని తర్వాత అడిగాను. "నాను సేపల యంత్రాలోడిని సెల్లెమ్మా, నూనె మన సబ్జెట్టు కాదు" అన్నాడు. ఉప్పునీళ్ళలో తడిసిన సెట్లని దూదితో మెరిపించే మనిషి ఆ మాటన్నాడు.

కంప్యూటర్ వెలిగింది. నాన్న మొదటి రోజే ఒక ఓడని రేవు గోడకి గుద్దేశాడు.

"గుద్దీసావు బావా" అన్నాడాయన.

"ఆ గోడ అక్కడుండకూడదు. గేము కట్టినోడికి రేవు తెలీదు."

ఇద్దరూ ఆ గోడ గురించి గంటలకొద్దీ దెబ్బలాడుకునేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చేపల పులుసు గిన్నెతో వచ్చేవాడు. నాన్నకి రెండో సరంగుగా పక్కన కూర్చుని, సరైన సలహా ఒక్కటీ ఇవ్వకుండా విసిగించేవాడు. వాదించాలంటే నాన్న మాట్లాడాలి కదా. మాటలోని ముద్ద క్రమంగా కరిగింది. లివరు తోయడం, తెరవడం, చుట్టడం, లాగడం, వదలడం. రబ్బరు బంతి చేయించలేని పని ఓడలు చేయించాయి. చెయ్యి పూర్తిగా మునుపటిలా అయిందని చెప్పను. గిన్నె పట్టుకునేటంత అయింది. చల్లటి రోజుల్లో మళ్ళీ బిగుసుకుంటుంది. ఇది వైద్యమా, ఆటా, నూనె మహిమా అని నన్నడిగితే, మూడింటినీ ఒకచోట చేర్చినవాడికి స్తోత్రం అంటాను. పెద్దమ్మని అడిగితే మాత్రం నూనె అనే చెబుతుంది.

పోయిన వర్షాకాలంలో, బోటు మీద సెట్టు బిగిస్తూ, గుండె పట్టేసి ఆయన వెళ్ళిపోయాడు. భూస్థాపన రోజున సన్నటి వాన. సమాధుల తోటలో ఎవరెవరో ఉన్నారు. బోట్లవాళ్ళు, కొట్లవాళ్ళు, ఆయన కట్టిన కంప్యూటర్లలో ఆడుకునే యువకులు. సంఘంవాళ్ళ గొడుగులు ఒక పక్క, హార్బరువాళ్ళ గొడుగులు ఒక పక్క. రెండు గుంపులకీ ఒకరినొకరు తెలియదు. పెట్టెని గోతిలోకి దించారు. అందరం పాట ఎత్తుకున్నాం. కుటుంబం వాళ్ళయ్యాక ఒక్కొక్కరూ వెళ్ళి పిడికెడు మట్టి వేసి వస్తున్నారు.

నాన్న వంతు వచ్చింది. తడినేల మీద కుడిచేతిలో కర్ర వదలడానికి లేదు. కర్ర నేను పట్టుకుంటానన్నాను. "వొద్దు" అన్నాడు. నెమ్మదిగా వంగి ఎడమచేతిని ఎర్రమట్టి కుప్పలోకి దూర్చాడు. పిడికిలి మూసుకుంది. గోతిమీదకి చాపాడు.

తెరుచుకోలేదు.

వాన, చలి, దుఃఖం. నాన్న పళ్ళు బిగించాడు. ముంజేతి నరాలు లేచాయి. పాట ఆఖరి చరణం అయిపోవచ్చింది. వెనక చాలామంది నిలబడి ఉన్నారు. నేను రెండడుగులు వేసి, మళ్ళీ ఆగిపోయాను. అయ్యగారు నాన్న చేతిని చూశారు. పాడేవాళ్ళకి వేలితో సైగ చేశారు, పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. నా వెనకాల ఎవరో బోటు మనిషి, మా నాన్న ఎవరో కూడా తెలియనివాడు, "తొందరేటీ లేదు పెద్దాయనా, తొందరేటీ లేదు" అంటున్నాడు.

నాన్న ఎవరివైపూ చూడలేదు. బొటనవేలు కదిలింది. చూపుడు వేలు. ఆగింది. మిగతా మూడూ ఒకదాని వెనక ఒకటి లేచాయి. తడిమట్టి ముద్ద అరచేతిని అంటుకుని ఒక్క క్షణం వేలాడి, విడిపోయి కింద చెక్కమీద చప్పుడు చేసింది.

ఆ తర్వాత కూడా నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పాట అయిపోయేదాకా గోతిమీద అలాగే చాపి ఉంచాడు. అయిదు వేళ్ళూ తెరిచి ఉన్నాయి. అరచేతిలో మిగిలిన ఎర్రమట్టిని వాన కడుగుతోంది.